పొలానికీ కొట్టుకూ నడుమ: సరుకుల గొలుసు కథ

పుంగనూరు ప్రాంతంలోని సోమలలో ఒక చిల్లరకొట్టు ముందు కొంతసేపు నిలబడితే, రెండు రకాల సరుకులు ఎదురుబొదురుగా ప్రయాణం చేయడం కనబడుతుంది. పట్నంనుండి వచ్చిన సబ్బులు, బిస్కట్లు, టీపొడి పొట్లాలు కొట్టులోనికి దిగుతాయి. చుట్టుపట్ల పొలాలలో కోసిన టమాటాలు పెట్టెలకెక్కి మదనపల్లె, పుంగనూరు మార్కెట్ల వైపు సాగిపోతాయి. రెండూ ఇంటికి నిత్యం కావలసిన సరుకులే. రెండూ నలుగురైదుగురి చేతులు మారి, చివరకు ఏదో ఒక ఇంటి సంచిలోనికి చేరుకొనేవే. అయినా ఆ రెండింటి నడకలో పెద్ద భేదం ఉన్నది.

బిస్కట్ పొట్లం వెల దాని మీదనే అచ్చువేసి ఉంటుంది. అది నెలల తరబడి మారదు. టమాటా సంగతి అలా కాదు. ఒక ఋతువులో కోతకూలి కూడ గిట్టక రైతు పంటను చెట్లమీదనే వదిలివేస్తాడు. మరొక ఋతువులో పట్టణవాసి దానిని కొనడానికే జంకుతాడు. 2023 జూలై నెలాఖరున మదనపల్లె మార్కెట్టులో మొదటిరకం టమాటా ధర కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. సెప్టెంబరు నాటికే అది గిట్టుబాటు కాదని రైతులు వాపోయేటంతగా పడిపోయింది. మధ్య గడచినవి కొద్ది వారాలు మాత్రమే.

టమాటా త్వరగా చెడిపోతుంది, బిస్కట్ చెడిపోదు అన్నది ఈ భేదానికి ఒక కారణం. కాని అదొక్కటే కాదు. బిస్కట్ పొట్లం తనతోబాటు ఒక వార్తను మోసుకొని పోతుంది. టమాటా పెట్టెకు అటువంటి వార్త లేదు. పొట్లాలలోని సరుకులకు కూడ ఈ సౌకర్యం మొదటినుండి లేదు. సరుకు తయారు చేసేవారు, దానిని అమ్మేవారు ఒకరి లెక్కలు ఒకరికి తెలియజేసుకోవడం నేర్చుకొన్న పిమ్మటనే అది ఏర్పడింది. ఆ నేర్పు ఎలా వచ్చిందో, టమాటాకు అది ఎంతవరకు అందిందో తెలుసుకోవడం ఉపయోగకరం.

చెర్నాకోల ఊపు

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పనిచేసిన జే ఫారెస్టర్ మొదట విద్యుత్ ఇంజనీరు. కంప్యూటరు నిర్మాణంలో పేరు గడించిన తరువాత 1956లో ఆయన పరిశ్రమల నిర్వహణ వైపు దృష్టి మరల్చాడు. కెంటకీ రాష్ట్రంలో గృహోపకరణాలు తయారుచేసే జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారాలవారు ఆయనకు ఒక చిక్కు చెప్పారు. కొంతకాలం మూడు నాలుగు షిఫ్టులు నడిపినా పని తరగదు. కొన్నేళ్లకే సగం మంది కార్మికులకు పని ఉండదు. కొనేవారి అవసరాలలో అంత హెచ్చుతగ్గులు లేవే, ఈ కుదుపు ఎక్కడిది?

ఫారెస్టర్ కాగితం, పెన్సిలు తీసుకొని వారం వారం లెక్కలు వేసి చూశాడు. కుదుపు బయటనుండి రావడం లేదు. కర్మాగారానికి, టోకు వర్తకునికి, చిల్లర వర్తకునికి మధ్య ఆర్డర్లు పంపుకొనే పద్ధతిలోనే అది పుడుతున్నది. 1958లో ఒక వ్యాసంలోను, 1961లో ఒక గ్రంథంలోను ఆయన ఈ సంగతిని వివరించాడు.

దీనిని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. సోమలలో ఒక కొట్టు, పుంగనూరులో ఒక టోకు దుకాణం, తిరుపతిలో ఒక పంపిణీదారు, ఆపైన ఒక కర్మాగారం ఉన్నవనుకొందాం. కొట్టులో వారానికి 10 సబ్బులు అమ్ముడవుతాయి. గొలుసులోని ప్రతి వర్తకుడూ ఒక వారం అమ్మకానికి సరిపడే నిలవ ఉంచుకొంటాడు. ఒక వారం పండుగ వచ్చి 12 సబ్బులు అమ్ముడైనవి. కొట్టువాడు అమ్మిన 12కు బదులు తెప్పించుకోవాలి. నిలవను 10నుండి 12కు పెంచుకోవాలి. కనుక 14 సబ్బులకు ఆర్డరు పంపుతాడు. పుంగనూరు వర్తకునికి పండుగ సంగతి తెలియదు. 10 ఉన్న ఆర్డరు 14 అయినట్లు మాత్రమే తెలుసు. అతడు 14కు మరి 4 చేర్చి 18 కోరుతాడు. తిరుపతి పంపిణీదారు 18కి 8 చేర్చి కర్మాగారాన్ని 26 కోరుతాడు. కొట్టులో పెరిగినది నూటికి 20 వంతులు. కర్మాగారానికి అది నూటికి 160 వంతులుగా కనిపించింది.

తరువాతి వారం అమ్మకం మళ్లీ 10కి దిగితే ఏమవుతుంది? ఇదే సూత్రం ప్రకారం కొట్టువాడు 8, పుంగనూరు వర్తకుడు 2 మాత్రమే కోరుతారు. పంపిణీదారు ఏమీ కోరడు. నిరుడు వారం రాత్రింబగళ్లు పనిచేసిన కర్మాగారం ఈ వారం చేతులు ముడుచుకొని కూర్చుంటుంది. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. ప్రతివాడూ తన ముందున్న అంకెను చూచి తెలివిగానే నడచుకొన్నాడు. వారిలో ముగ్గురికి కొట్టులోని అసలు అమ్మకం తెలియకపోవడమే లోపం.

బండి తోలేవాడు చెర్నాకోల పిడిని కొద్దిగా ఆడించితే తాడు కొస పెద్ద ఊపుతో ఎగిరిపడుతుంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థవారు పసిపిల్లల డయాపర్ల ఆర్డర్లను పరిశీలించినప్పుడు ఇటువంటి ఊపునే గమనించారు. పసిపిల్లలు డయాపర్లు వాడడంలో వారానికీ వారానికీ తేడా ఉండదు. అయినా కంపెనీకి వచ్చే ఆర్డర్లు ఎగిరెగిరి పడుతున్నవి. దీనికి వారు చెర్నాకోల పేరే పెట్టారు. 1997లో హావ్ లీ, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనతో ఆ పేరు లోకమంతటా వ్యాపించింది.

ఇసుకమీది గీతలు

కొట్టులో నిజంగా ఏమి అమ్ముడైనదో వెంటనే తెలుసుకోవడం ఎలాగ? 1948లో ఫిలడెల్ఫియా నగరంలోని డ్రెక్సెల్ సాంకేతిక విద్యాలయానికి ఒక పచారీ దుకాణాల సంస్థ అధిపతి వచ్చి, అమ్మిన సరుకు వివరాలను యంత్రమే గ్రహించే ఉపాయం కనిపెట్టమని కోరాడు. అధికారి అంగీకరించలేదు. ఆ మాటలు చెవినిబడిన బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి తన మిత్రుడు జోసెఫ్ వుడ్‌లాండ్‌కు చెప్పాడు. వుడ్‌లాండ్ బాల్యంలో స్కౌటుగా మోర్స్ తంతి సంకేతాలు నేర్చినవాడు. మయామీ సముద్రతీరాన ఇసుకలో కూర్చొని వేళ్లతో చుక్కలు, అడ్డగీతలు గీస్తూ, వాటిని కిందికి లాగినప్పుడు సన్నని గీతలు, వెడల్పు గీతలు ఏర్పడడం గమనించాడు. బార్‌కోడ్‌కు అదే బీజం. 1952 అక్టోబరు 7న వారిద్దరికీ పేటెంటు లభించింది.

పేటెంటు వచ్చినంత మాత్రాన పని జరగలేదు. వారి మొదటి యంత్రానికి 500 వాట్ల బల్బు కావలసి వచ్చింది. గీతలను చదవడానికి తగిన సన్నని తీక్ష్ణకాంతి 1960లో లేసరు పుట్టిన తరువాతనే దొరికింది. అంతకన్న పెద్ద అడ్డంకి మనుష్యుల మధ్యది. పొట్లాలపై గీతలు అచ్చువేయవలసినది తయారీదారులు. వాటిని చదివే యంత్రాలు కొనవలసినది దుకాణదారులు. సరుకులన్నిటిపైన గీతలు లేకుంటే యంత్రం దండుగ. దుకాణాలలో యంత్రాలు లేకుంటే గీతలు దండుగ. ముందు ఎవరు పూనుకోవాలి?

1969లో ఉభయ పక్షాల వారు సమావేశమైనా మాట కుదరలేదు. తయారీదారులు తాము వాడుతున్న 11 అంకెల సంకేతం కావాలన్నారు. దుకాణదారులు 7 అంకెలు చాలునన్నారు. 1970లో రెండు పక్షాలనుండీ ప్రతినిధులతో ఒక సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు హైంజ్ కంపెనీ అధిపతి బర్ట్ గూకిన్. ఆ కంపెనీకి ప్రఖ్యాతి తెచ్చిన సరుకు టమాటా సాసు కావడం ఈ కథలో ఒక వింత. సంఘం చివరకు పది అంకెల సంకేతానికి అంగీకరించింది. అందులో ఐదు తయారీదారును, ఐదు వస్తువును తెలుపుతాయి. ఐ.బి.ఎం. సంస్థలో జార్జి లారర్ రూపొందించిన గీతల గుర్తును 1973 ఏప్రిల్ 3న ఎంపిక చేశారు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, మార్ష్ దుకాణంలో, రిగ్లీ కంపెనీ చూయింగ్ గమ్ పొట్లం మీద మొదటిసారిగా ఈ గుర్తును చదివి డబ్బు తీసుకొన్నారు. 1977లో ఐరోపా దేశాలు 13 అంకెల సంకేతాన్ని చేపట్టినవి. భారతదేశంలో ఈ పని చూసే సంస్థ 1996లో ఏర్పడింది. దాని ద్వారా నమోదైన కంపెనీల సంకేతాలు 890తో మొదలవుతాయి. వస్తువు భారతదేశంలోనే తయారైనదని ఆ అంకెలకు అర్థం కాదు. సంకేతం ఇక్కడ నమోదైనదని మాత్రమే.

పదమూడవ అంకె

ఈ సంకేతంలో చివరి అంకె కాపలాదారు వంటిది. విద్యార్థులు దానిని తామే లెక్కించవచ్చు. మొదటి 12 అంకెలు 890123456789 అనుకొందాం. బేసి స్థానాలలోని అంకెలు 8, 0, 2, 4, 6, 8. వాటి మొత్తం 28. సరి స్థానాలలోని అంకెలు 9, 1, 3, 5, 7, 9. వాటి మొత్తం 34. దానిని 3తో హెచ్చించితే 102. రెండూ కలిపితే 130. ఈ మొత్తాన్ని 10తో నిశ్శేషంగా భాగింపబడేటట్లు చేయడానికి ఎంత కలపాలో అదే పదమూడవ అంకె. ఇక్కడ అది 0.

ఎవరైనా 4, 5 అంకెలను తారుమారు చేసి వ్రాసినారనుకొందాం. అప్పుడు బేసి మొత్తం 29, సరి మొత్తం 33. 29కి 99 కలిపితే 128. చివరి అంకె 2 కావలసి ఉండగా 0 ఉన్నది కనుక యంత్రం సంకేతాన్ని నిరాకరిస్తుంది. ఒక్క అంకె తప్పుగా చదివితే ఈ పద్ధతి తప్పక పట్టుకొంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే చాలా సందర్భాలలో పట్టుకొంటుంది. వాటి భేదం సరిగా 5 అయినప్పుడు మాత్రం పట్టుకోలేదు. ఎందుకో తెలుసుకోవడం తరగతిలో మంచి అభ్యాసం.

లెక్కలు పంచుకొన్న వర్తకులు

గీతల గుర్తు వచ్చినా, దాని ద్వారా తెలిసిన అమ్మకాల లెక్క చాలాకాలం దుకాణదారు పెట్టెలోనే ఉండిపోయింది. సరఫరాదారునికి లెక్క తెలిస్తే బేరంలో తన పట్టు సడలుతుందని దుకాణదారు భయం. 1987లో వాల్‌మార్ట్, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలు ఈ సంకోచాన్ని విడిచి చర్చలు మొదలుపెట్టినవి. అమ్మకాల వివరాలు దుకాణాలనుండి నేరుగా తయారీదారునికి అందే ఏర్పాటు జరిగింది. ఆర్డరు వచ్చేవరకు ఆగక, అమ్ముడైన మేరకు సరుకు పంపడం సాధ్యమైంది. 1993 నాటికి అమెరికా పచారీ వర్తకులు, సరఫరాదారులు కలిసి దీనినొక సాధారణ పద్ధతిగా చేయడానికి పూనుకొన్నారు.

సోమలలోని చిన్న కొట్టులో గీతలు చదివే యంత్రం ఉండకపోవచ్చు. కాని పైనున్న గోదాములలో, పెద్ద దుకాణాలలో ఆ లెక్క సాగుతూనే ఉంటుంది. దాని ఫలం చిన్న కొట్టుకు కూడ కొంత అందుతున్నది.

టమాటా మోసుకొని పోని వార్త

ఇప్పుడు ఎదురు దారిన పోయే టమాటా పెట్టె దగ్గరకు రావచ్చు. టమాటా కోసిన తరువాత కూడ శ్వాసిస్తూనే ఉంటుంది. కాయ పక్వానికి రాగానే ఎథిలీన్ అనే వాయువు విడుదలవుతుంది. ఆ వాయువే పండడాన్ని మరింత తొందరపెడుతుంది. ఒక్క కాయ నలిగినా అది విడిచే వాయువు పక్కకాయలను కూడ పండిస్తుంది. పచ్చికాయనుండి ఎర్రని పండు వరకు ఆరు దశలు గుర్తించారు. రంగు తిరుగుతున్న దోరకాయ దూరప్రయాణానికి ఓర్చుకొంటుంది. ఎర్రబారినది దగ్గరి ఊరికే పనికివస్తుంది. అంటే ఏ దశలో కోయాలో చెప్పాలంటే, అది ఎక్కడికి పోతుందో ముందుగా తెలియాలి. మదనపల్లె మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. అక్కడి వేలంపాట వరకు తన పెట్టె తూర్పున మద్రాసుకు పోతుందో, ఉత్తరాన ఢిల్లీకి పోతుందో రైతుకు తెలియదు. కేంద్రీయ పంటకోత అనంతర పరిశోధనా సంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో టమాటా పంటలో నూటికి 12.44 వంతులు కోత మొదలు వినియోగం వరకు నష్టమవుతున్నవి.

రెండవ చిక్కు కాలానిది. నారు పోసినది మొదలు తొలి కోత వరకు సుమారు మూడు నెలలు పడుతుంది. నేటి ధర చూచి రైతు నారు పోస్తాడు. అదే ధర చూచి వేలాది రైతులు అదే పని చేస్తారు. మూడు నెలలకు పంట ఒక్కసారిగా వచ్చి ధర కూలుతుంది. నష్టపోయినవారు మళ్లీ నాటరు. అప్పుడు ధర పెరుగుతుంది. 1938లో ఆర్థికశాస్త్రజ్ఞుడు మోర్డెకై ఎజెకియల్ ఈ చక్రాన్ని గణితరూపంలో వివరించాడు. ధరను, పంటను పటంపై గీసినప్పుడు గీతలు సాలెగూడువలె చుట్టుకొంటాయి కనుక దీనికి సాలెగూడు సిద్ధాంతమని పేరు వచ్చింది. సబ్బు గొలుసులో కర్మాగారం పడిన కుదుపు, టమాటా గొలుసులో రైతు పడుతున్న కుదుపు ఒక్క జాతివే. కర్మాగారం నిలవలు దాచుకోగలదు. రైతు దాచుకోలేడు.

ఆంధ్రదేశంలో జరిగిన ప్రయత్నాలు

గొలుసును చక్కబెట్టే ప్రయత్నాలు ఇక్కడ లేకపోలేదు. చిత్తూరు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలో, 1933లో, వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. సరుకును గుణాన్నిబట్టి తరగతులుగా విభజించి అగ్‌మార్క్ ముద్ర వేసే చట్టం 1937లో వచ్చింది. చూడకుండానే సరుకు గుణం తెలియాలంటే ఇటువంటి తరగతులు అవసరం. పొట్లానికి గీతల గుర్తు ఎటువంటిదో, కాయగూరలకు తరగతి అటువంటిది. 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం రాష్ట్రమంతటికీ ఒకే విధానం ఏర్పరచింది. తూకంలోను, వేలంలోను మోసాన్ని అరికట్టడం దీని ఉద్దేశం. అయితే ఇవన్నీ మార్కెట్టు ఆవరణలోని న్యాయాన్ని గూర్చినవే. ఆవరణకు అవతల ఎవరికి ఎంత కావాలో రైతుకు చెప్పేవి కావు.

1999 జనవరి 26న రాష్ట్రంలో రైతుబజార్లు ప్రారంభమైనవి. గుర్తింపు కార్డు పొందిన రైతులు పట్టణంలో గృహస్థులకు నేరుగా అమ్ముకొంటారు. టోకు ధరకూ చిల్లర ధరకూ నడుమ ప్రతిరోజు ఉదయం ఒక ధర నిర్ణయిస్తారు. ఇక్కడ గొలుసు ఒక్క లంకెకు కుదించుకొన్నది. రైతు కొనేవారి ముఖం చూచి, రేపు ఏది ఎంత తేవాలో తానే గ్రహిస్తాడు. కాని బజారుకు దగ్గరలో ఉన్న రైతుకే ఈ మేలు ఎక్కువగా అందుతుంది. సోమలనుండి బయలుదేరే టన్నుల కొలది పంటకు ఈ దారి చాలదు.

2006 నవంబరులో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలు తెరచుకొన్నవి. పెద్ద దుకాణాల సంస్థలు పల్లెలలో సేకరణ కేంద్రాలు పెట్టి కూరగాయలు కొనే పద్ధతి క్రమంగా వ్యాపించింది. అక్కడ తూకం సరిగా ఉంటుంది. ఏ పరిమాణం, ఏ దశలోని కాయ కావాలో ముందుగా చెబుతారు. అయితే ఇటువంటి కేంద్రాలు అనేకచోట్ల ఏరిన కాయలనే, తమకు కావలసినంతే కొంటాయి. మిగిలినది మళ్లీ మార్కెట్టుకే పోతుంది. ముందస్తు వ్రాతపూర్వక ఒడంబడిక లేనిచోట ధర పడిపోయిన రోజున రైతుకు ఆసరా ఉండదు. కొనేవాడు తనకు కావలసినది చెప్పడం సగం సహకారమే. కొంటానని మాట ఇవ్వడం మిగిలిన సగం.

ఒంటరి రైతు పెద్ద దుకాణంతో బేరమాడలేడు. 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు వీలు కల్పించారు. 2018 కేంద్ర బడ్జెటులో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్ల రూపాయలతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. 2020 సెప్టెంబరు 9న అనంతపురంనుండి ఢిల్లీకి పండ్లు, టమాటాలతో కిసాన్ రైలు బయలుదేరింది. 2023 జూలైలో ధర మండిపోయినప్పుడు కేంద్ర సహకార సంస్థలు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రలనుండి టమాటాలు కొని ఉత్తరాది నగరాలలో తక్కువ ధరకు అమ్మినవి. ఇవి ఆపత్కాలంలో ఉపకరించే పనులు. కాని ధర మండకముందు, కూలకముందు వార్త అందడమే అసలు ఔషధం.

తాజా పంట వార్తను మోయలేదని అనుకోవలసిన పని లేదు. 2006లో ఎగుమతి ద్రాక్ష కోసం మన దేశంలోనే ప్రతి తోటకు ఒక నమోదు సంఖ్య ఇచ్చి, ఐరోపాలోని దుకాణంలో ఉన్న పెట్టె ఏ తోటదో చెప్పగలిగే గ్రేప్‌నెట్ పద్ధతి నెలకొల్పారు. ద్రాక్షకు సాధ్యమైనది టమాటాకు అసాధ్యం కాదు. ఎన్ని ఎకరాలలో నారు పడినదో, ఏ నగరానికి ఎంత కావాలో ఉభయులకూ ముందుగా తెలిస్తే సాలెగూడు దారాలు సడలుతాయి.

మార్కెట్ల దైనిక ధరలు 2000 సంవత్సరంనుండి అగ్‌మార్క్‌నెట్ ద్వారా అందరికీ లభిస్తున్నవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఉన్నత పాఠశాలలలో విద్యార్థులు ఒక సంవత్సరంపాటు వారానికొక మారు టమాటా ధరను గ్రాఫు కాగితంపై గుర్తించవచ్చు. అదే కాగితంపై తమ ఊరిలో ఆ వారం ఎన్ని పొలాలలో నారు నాటినారో కూడ గుర్తించాలి. సంవత్సరాంతానికి రెండు గీతలు పక్కపక్కన నిలుస్తాయి. ఒక గీత పైకిపోయిన మూడు నెలలకు రెండవది ఏమైనదో చూచిన విద్యార్థి, ఇంట్లో నారు పోసే ముందు తండ్రికి చెప్పదగిన మాట ఒకటి నేర్చుకొన్నవాడవుతాడు.